తిరుత్తణి అటు, సత్యవేడు ఇటు

నేను మన బడిలో చదువుకున్నాను, తరవాత అక్కడే సాంఘిక శాస్త్రం చెప్పాను. అందుకని ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం సభలో రాధాకృష్ణన్ గారి గురించి మాట్లాడే పని నాకే పడేది. ఒక ఏడు "ఆయన 1888లో తిరుత్తణిలో పుట్టారు" అన్నానో లేదో, వెనక వరసలోంచి ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, "ఆయన మన రాష్ట్రం ఆయనా, తమిళనాడు ఆయనా సార్?" అని అడిగాడు. పిల్లలంతా నవ్వారు. "దేశానికంతా ఆయన" అని చెప్పి దాటేశాను.

చప్పట్లయితే కొట్టారు గానీ, అది జవాబు కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వాళ్ళు అడిగినప్పుడు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఈ సంచిక వాడి చేతికీ అందుతుందని ఆశ. ఆలస్యంగానైనా ఇది వాడికి జవాబు.

ఒకే ఊరు, ఎన్నో చిరునామాలు

రాధాకృష్ణన్ గారు పుట్టేనాటికి తిరుత్తణి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళి చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1969లో ఆ రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. ఇప్పుడు ఆ ఊరు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఇన్నిసార్లు చిరునామా మారినా ఊరు జానెడు కూడా కదలలేదు. 1960లో ఆ మార్పు జరిగేనాటికి రాధాకృష్ణన్ గారు భారత ఉపరాష్ట్రపతి. ఆయన పుట్టిన ఊరు ఆయన పదవిలో ఉండగానే రాష్ట్రం మారింది.

మన సంగతీ అలాంటిదే. 1960 మార్చి 31 దాకా సత్యవేడు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. మర్నాడు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మనలో పెద్దవాళ్ళు ఒకే ఇంట్లో కాపురం ఉంటూ రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూశారు.

తిరుత్తణి అటు పోవడం, సత్యవేడు ఇటు రావడం ఒకే చట్టంతో, ఒకే రోజు జరిగాయి. అటు పోయినదాని గురించి మన వైపు పెద్దవాళ్ళు బాధపడడం విన్నాను. ఇటు వచ్చినదాని గురించి తమిళ మిత్రులు బాధపడడమూ విన్నాను. రెండూ ఒకే లెక్కలో రెండు వరసలని గుర్తుపెట్టుకున్నవాళ్ళు మాత్రం తక్కువ.

గీతకు ముందు

తెలుగు, తమిళం ఎక్కడ విడిపోతాయో చెప్పే అవసరం మన ప్రాంతంలో చాలాకాలం ఎవరికీ రాలేదు. కార్వేటినగరం జమీందారీలో పుత్తూరు వైపూ, తిరుత్తణి వైపూ ఊళ్ళున్నాయి. జమీందారుకు కావలసింది శిస్తు. అది ఏ భాష మాట్లాడే రైతు కట్టినా ఒకటే. ఇంగ్లీషు వాళ్ళు జిల్లాలు గీసినప్పుడూ పన్ను వసూలు, రాకపోకల వీలు చూసుకున్నారు గానీ భాష చూడలేదు. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. వేలూరు వాళ్ళు కలెక్టరు దగ్గరికి చిత్తూరుకు వచ్చేవాళ్ళు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలూ, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలూ కలిపి చిత్తూరు జిల్లా చేశారు. ఆ జిల్లా ఒక మూల కన్నడానికి, ఒక మూల తమిళానికి ఆనుకుని ఉంది. మధ్యలో ఉన్న తెలుగులో ఆ రెండు భాషల మాటలూ కలిసి ఉన్నాయి. నేటికీ మన యాస విని కోస్తా వాళ్ళు "మీరు తమిళులా?" అంటారు, చెన్నై వాళ్ళు "మీరు తెలుగువాళ్ళు కదా" అంటారు.

భాషను బట్టి రాష్ట్రం కావాలన్న ఆలోచన బలపడ్డాకే ఈ కలగలుపు చిక్కు అయింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దార్ కమిషను భాషా రాష్ట్రాలు ఇప్పుడు వద్దంది. 1949లో నెహ్రూ, వల్లభభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల సంఘం మద్రాసు నగరం వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చంది. గొడవంతా ఆ "వదులుకుంటే" దగ్గరే వచ్చింది.

మద్రాసు, తిరుపతి

మన వైపు వాదానికి బలమైన ఆధారాలే ఉన్నాయి. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం వచ్చిందని చెబుతారు. మన పత్రికలు, ముద్రాపకులు, సినిమా కంపెనీలు, వ్యాపారాలు అన్నీ అక్కడే. "మదరాసు మనదే" అన్న నినాదం ఊరూరా వినిపించింది. టంగుటూరి ప్రకాశం గారు ఆ నగరం మీద హక్కు వదులుకోవడానికి ఒప్పుకోలేదు.

తమిళుల వాదం తిరుపతి నుంచి మొదలయ్యేది. తమిళ దేశానికి ఉత్తరాన వేంకటగిరి, దక్షిణాన కుమరి ఎల్లలని తొల్కాప్పియం పీఠికలోనే ఉంది. మా.పొ. శివజ్ఞానం గారు 1946లో తమిళరసు కళగం స్థాపించి, ఆ మాట పట్టుకుని ఉత్తరపు ఎల్ల కోసం పోరాటం నడిపారు. తిరుత్తణిలో వినాయకం గారు ఆ ఉద్యమానికి స్థానిక నాయకుడు. వాళ్ళ కోరిక తిరుత్తణితో ఆగలేదు. చిత్తూరు, తిరుపతి కూడా కావాలన్నారు.

ఇప్పుడు చల్లగా కూర్చుని చూస్తే రెండు వాదాలకూ పోలిక కనిపిస్తుంది. మనం 1639 నాటి కాగితం చూపించాం, వాళ్ళు అంతకన్నా పాత గ్రంథం చూపించారు. ఆ ఊళ్ళో ఇవాళ ఉన్నవాళ్ళు ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటున్నారన్నది ఇద్దరికీ రెండో మాటే. చరిత్ర పాఠం చెప్పినవాడిగా ఒక మాట అంటాను. చరిత్రలో ఎంత వెనక్కి వెళితే అంత పెద్ద రాష్ట్రం దొరుకుతుంది. అందరూ అలా వెనక్కి వెళ్ళడం మొదలుపెడితే భూమి చాలదు.

పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహార దీక్షకు కూర్చుని, 58 రోజుల తరవాత డిసెంబరు 15న ప్రాణం విడిచారు. తరవాత జరిగిన అల్లర్లలో, కాల్పుల్లో ఇంకా ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న నెహ్రూ గారు మద్రాసు నగరం లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. జస్టిస్ వాంఛూ నివేదిక తరవాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం గారు మొదటి ముఖ్యమంత్రి.

అప్పుడు జిల్లాలను జిల్లాలుగానే తీసుకున్నారు. బళ్ళారి ఒక్కటే తాలూకాల వారీగా చీలింది. చిత్తూరు జిల్లా మొత్తం, తిరుత్తణితో సహా, ఆంధ్రకు వచ్చింది. చెంగల్పట్టు జిల్లా మొత్తం, సత్యవేడుతో సహా, మద్రాసులో ఉండిపోయింది. సరిహద్దు సరిచేసే పని తరవాతికి వాయిదా పడింది. తిరుత్తణిలో తమిళులు, మన దగ్గర తెలుగువాళ్ళు, ఇద్దరూ తప్పు వైపు ఉండిపోయామనుకున్నారు. తమిళుల ఉత్తర ఎల్ల పోరాటంలో కూడా జైళ్ళకు వెళ్ళినవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మన పాఠ్యపుస్తకంలో శ్రీరాములు గారు ఉన్నారు, వాళ్ళు లేరు. అటువైపు పుస్తకంలో వాళ్ళుంటారు. పిల్లలకు చెప్పేటప్పుడు రెండు పుస్తకాలూ కలిపి చెప్పాలని నాకు ఉద్యోగం చివరి ఏళ్ళలో గానీ తట్టలేదు.

పటాస్కర్ లెక్క

రాష్ట్రాల పునర్విభజన కమిషను 1955లో నివేదిక ఇచ్చింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగవు దాంతో తీరలేదు. చివరికి రెండు ప్రభుత్వాలూ ఒక మధ్యవర్తిని ఒప్పుకున్నాయి. ఆయనే హరి వినాయక్ పటాస్కర్. మరాఠీ ఆయన, న్యాయవాది, నెహ్రూ మంత్రివర్గంలో న్యాయ వ్యవహారాలు చూసినవారు. హిందూ వివాహ చట్టాన్ని పార్లమెంటులో నడిపించింది ఆయనే. 1957లో ఆయన ఇచ్చిన తీర్పును పటాస్కర్ అవార్డు అంటారు.

ఆయన లెక్కలో మూడు సూత్రాలు. మొదటిది, జిల్లానో తాలూకానో కాదు, గ్రామమే కొలత. రెండోది, ఆ గ్రామంలో ఎక్కువమంది మాతృభాష ఏది అన్నది జనాభా లెక్కల ప్రకారం చూడాలి. మూడోది, ఆ గ్రామం ఆ భాష రాష్ట్రానికి ఆనుకుని ఉండాలి. ఎక్కువమంది తమిళులే అయినా చుట్టూ తెలుగు ఊళ్ళుంటే ఆ ఊరు ఇక్కడే ఉంటుంది. అటువైపు తెలుగు ఊరికీ అదే న్యాయం. దామెర్ల నాయకుడికీ తొల్కాప్పియానికీ ఈ లెక్కలో చోటు లేదు.

ఆ తీర్పు ప్రకారం 1959 డిసెంబరులో పార్లమెంటు ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న అది అమలైంది. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య గారు, మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ గారు. చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణి తాలూకా చాలా భాగమూ, పుత్తూరు, చిత్తూరు తాలూకాల్లో కొన్ని ఊళ్ళూ, మొత్తం 319 గ్రామాలు మద్రాసుకు వెళ్ళాయి. అక్కడి నుంచి 151 గ్రామాలు మనకు వచ్చాయి. వాటిలో 148 చెంగల్పట్టు జిల్లా పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలవి. మిగతా 3 సేలం జిల్లా కృష్ణగిరి తాలూకావి. ఆ 148 గ్రామాలతోనే మన సత్యవేడు తాలూకా పుట్టింది. శాసనసభలో మన స్థానాలు 301 నుంచి 300 అయ్యాయి, మద్రాసు స్థానాలు 205 నుంచి 206 అయ్యాయి.

పోయినవి వచ్చినవాటికి రెండింతలకు పైన ఉన్నాయని మన వైపు చాలామంది నొచ్చుకున్నారు. కానీ ఇది ఊరికి ఊరు ఇచ్చిపుచ్చుకున్న బేరం కాదు. ఒకే సూత్రాన్ని గీతకు రెండు వైపులా పెట్టారు, ఎటు ఎన్ని తేలితే అన్ని. తిరుత్తణి పోయిందని మనకు బాధ. తిరుపతి రాలేదని, చిత్తూరు రాలేదని వాళ్ళకు బాధ. ఇద్దరికీ కొంచెం కొంచెం బాధ మిగిలిందంటే తీర్పు మధ్యలోనే పడిందని అర్థం.

దీని విలువ తెలియాలంటే బెళగావి వైపు చూడాలి. అక్కడ మహారాష్ట్ర, కర్ణాటక 1956 నుంచి కొట్లాడుకుంటున్నాయి. గ్రామమే కొలతగా పెట్టుకోవాలని మహారాష్ట్ర అడిగింది. 1967లో మహాజన్ కమిషను ఇచ్చిన నివేదికను అది ఒప్పుకోలేదు. 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇప్పటికీ అక్కడ అప్పుడప్పుడు బస్సుల మీద రాళ్ళు పడతాయి. మన దగ్గర 1960 తరవాత సత్యవేడు నుంచి ఊత్తుకోట పోయే బస్సు మీద సరిహద్దు పేరు చెప్పి ఎవరూ రాయి వేయలేదు. 1996లో తెలుగుగంగ కాలువ కృష్ణానీళ్ళను మన పొలాల పక్కగా తీసుకెళ్ళి ఊత్తుకోట దగ్గర తమిళనాడుకు అందించింది. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పొద్దున్నే రెండు రాష్ట్రాల నుంచీ పనివాళ్ళు వస్తారు. సరిహద్దంటే ఇలా ఉండాలి.

ఆ ఏప్రిల్ ఒకటి

అప్పుడు నాకు పదేళ్ళు దాటాయి. ఊళ్ళో జెండాలూ లేవు, ఏడుపులూ లేవు. మా నాయన పొద్దున లేచి పాలు పితికాడు. మధ్యాహ్నం కరణంగారి అరుగు మీద నలుగురు చేరి, ఇకమీదట కోర్టుపనికి చెంగల్పట్టు కాకుండా చిత్తూరు పోవాలంట అని చెప్పుకున్నారు. ఆ దారి ఎంత, బస్సులు ఎన్ని అన్నదే వాళ్ళ చర్చ. మా జేజి ఒక్కతే, "అయితే పెద్దదాని ఊరు ఎక్కడికి పోయింది?" అని అడిగింది.

పెద్దదంటే మా పెద్దక్క. 1958లో అక్కను పళ్ళిపట్టు పక్క పల్లెలో ఇచ్చారు. పెళ్ళినాటికి మా ఊరు మద్రాసు రాష్ట్రం, అక్క అత్తవారి ఊరు ఆంధ్రప్రదేశ్. రెండేళ్ళు తిరిగేసరికి మా ఊరు ఆంధ్రప్రదేశ్ అయింది, అక్క ఊరు మద్రాసు అయింది. బావ సరదా మనిషి. పండక్కి వచ్చినప్పుడల్లా "మీ పిల్లనిచ్చి మా రాష్ట్రం తీసుకున్నారు" అనేవాడు.

ఆ జూన్‌లో నేను మన బడిలో ఆరో తరగతిలో చేరాను. పెద్దవాళ్ళు ఇంకా ఫస్ట్ ఫారం అనే అనేవాళ్ళు. చిత్తూరు జిల్లా పిల్లలుగా ఈ బడిలో చేరిన మొదటి బ్యాచి మాది. అడ్మిషను రిజిస్టరులో మా ముందు పేజీ వరకు జిల్లా పేరు చెంగల్పట్టు, మా పేజీ నుంచి చిత్తూరు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ రిజిస్టరు తీసి పిల్లలకు చూపించేవాణ్ణి. సరిహద్దు మారడమంటే ఏమిటో చెప్పడానికి దానికన్నా మంచి పాఠం నా దగ్గర లేదు.

వరండాకు ఈ పక్క తెలుగు సెక్షన్, ఆ పక్క తమిళ సెక్షన్. ప్రార్థన ఒకటే, కబడ్డీ కోర్టు ఒకటే, నీళ్ళ కుండ ఒకటే. తమిళ సెక్షన్ అయ్యవార్లు మాకు డ్రిల్లు, లెక్కలు చెప్పేవాళ్ళు. లెక్కలు అయ్యవారు ఎక్కం తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించేవారు. మాకు అది వింతగా ఉండేది కాదు. నేను తమిళ అక్షరాలు నేర్చుకుంది ఆ వరండాలోనే, పక్క సెక్షన్ మిత్రుడి పలక మీద. నేను వాడికి తెలుగు అక్షరాలు నేర్పించాను.

మిగిలిపోయిన లెక్క

గ్రామం కొలతగా గీత గీసినా ఒక ఇబ్బంది ఉంటుంది. నూరిళ్ళ ఊళ్ళో అరవై ఇళ్ళు తమిళం మాట్లాడితే ఊరు అటు పోతుంది. మిగతా నలభై ఇళ్ళ సంగతేమిటి? మన వైపు సత్యవేడు, నగరి, కుప్పం ప్రాంతాల్లో తమిళ ఇళ్ళు మిగిలాయి. అటువైపు తిరుత్తణి, పళ్ళిపట్టు, హోసూరుల్లో తెలుగు ఇళ్ళు మిగిలాయి. గీత ఎంత జాగ్రత్తగా గీసినా వీళ్ళు తప్పరు. అది గీసినవాళ్ళకూ తెలుసు.

అందుకనే రెండో లెక్క ఒకటి పెట్టారు. 1949 ఆగస్టులోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక మాతృభాష పిల్లలు బడి మొత్తంలో 40 మంది ఉన్నా, ఒక తరగతిలో 10 మంది ఉన్నా, వాళ్ళ భాషలో చెప్పడానికి ఒక అయ్యవారిని వేయాలి. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. నా దృష్టిలో గీత ఒప్పందంలో సగం, ఈ హామీ మిగతా సగం. ఊళ్ళను ఒక్కసారి లెక్కపెడితే సరిపోయింది. పిల్లలను మాత్రం ప్రతి జూన్‌లో లెక్కపెట్టాలి.

ఆ రెండో లెక్క ఏమైంది? అక్క ఇంటి కథ చెబుతాను. అక్క పిల్లలు తమిళంలో చదువుకున్నారు. ఊళ్ళో తెలుగు బడి కొన్నాళ్ళు ఉండి ఆగిపోయింది. పిల్లలు ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడతారు. మేము రాసే ఉత్తరాలు అక్కే చదివి వాళ్ళకు వినిపించేది. అక్క కళ్ళు మసకబారాక ఉత్తరం చదివేవాళ్ళు లేక నేను రాయడం మానేశాను, ఫోన్లు వచ్చాయి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చి, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. పదో తరగతికి వచ్చేసరికి అక్కడి తెలుగు పిల్లలు మాతృభాషలో పరీక్ష రాయడానికి కోర్టుకెళ్ళి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ వార్తలు చదివి మనవాళ్ళు చాలా కోపపడ్డారు. నేనూ కోపపడ్డాను.

కానీ అదే కాలంలో మన బడిలో ఏం జరిగింది? తమిళ సెక్షన్ అయ్యవారు ఒకరు రిటైరయ్యారు, ఆ ఖాళీ నింపలేదు. తరవాతి ఏడు ఇంకొకరు. తమిళ పుస్తకాలు దసరాకు గానీ వచ్చేవి కావు. అయ్యవారూ లేక, పుస్తకమూ లేక, తల్లిదండ్రులు పిల్లలను తెలుగు సెక్షన్‌కు మార్చారు, తరవాత ఇంగ్లీషు మీడియంకు మార్చారు. పిల్లలు తగ్గారు కాబట్టి అయ్యవారు అక్కరలేదన్నారు. అయ్యవారు లేరు కాబట్టి పిల్లలు తగ్గారని ఎవరూ రాయలేదు. ఆ ఏళ్ళలో నేను స్టాఫ్ రూములోనే ఉన్నాను. పది మంది ఉన్న తరగతులు నా కళ్ళ ముందే ఉండేవి. ఆ లెక్క కాగితం మీద పెట్టి పై అధికారికి పంపాలని నాకు తోచలేదు. అటువైపు మన పిల్లలకు జరిగినది అన్యాయమని స్పష్టంగా తెలిసిన నాకు, ఇటువైపు జరుగుతున్నది మామూలు ఆఫీసు పనిలాగే కనిపించింది.

తల్లిదండ్రులే ఇంగ్లీషు కోరుకుంటున్నారు కదా అని మీరు అనవచ్చు. నిజమే. తెలుగు సెక్షన్ కూడా అందుకే పలచబడుతోంది. ఇష్టపడి వదులుకోవడం వేరు. అయ్యవారు లేక వదులుకోవడం వేరు. మన తమిళ పిల్లలు రెండో రకంగా వదులుకున్నారు, అక్క పిల్లలలాగే.

మన సంఘానికి

ఈ వ్యాసం రాయడానికి మన పూర్వ విద్యార్థుల సంఘం సభ్యుల పట్టిక తిరగేశాను. మా బ్యాచి పేజీలో తెలుగు సెక్షన్ వాళ్ళం దాదాపు అందరం ఉన్నాం. తమిళ సెక్షన్ వాళ్ళు ఇద్దరే ఉన్నారు. నాకు పలక ఇచ్చిన మిత్రుడి పేరు లేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. యాభై ఏళ్ళుగా మన ఆహ్వానపత్రం తెలుగులోనే అచ్చవుతోంది. సగం బడికి ఆ ఉత్తరం చదవడం రాదన్న సంగతి మనకు తట్టలేదు.

అందుకని మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, స్వర్ణోత్సవ ఆహ్వానాన్ని తెలుగుతో పాటు తమిళంలోనూ వేయించండి. తమిళ సెక్షన్ వాళ్ళ చిరునామాలు వెతకడానికి పాత అడ్మిషను రిజిస్టర్లు చాలు. గుమ్మిడిపూండి, ఊత్తుకోట వైపు వాకబు చేసే పని నేను చూసుకుంటాను. రెండోది, ఇప్పుడు బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు ప్రతి జూన్‌లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలను తరగతి వారీగా లెక్కపెట్టి, పదిమంది దాటిన చోట ఆ సంగతి రాతపూర్వకంగా పైకి పంపండి. జవాబు రాకపోవచ్చు, కానీ లెక్క ఉంటుంది. మూడోది, మన సంఘం ఏటా తెలుగులో మొదటివాడికి ఇచ్చే బహుమతితో పాటు తమిళంలో మొదటివాడికీ ఒకటి పెట్టండి. ఆ బహుమతి సొమ్ము అక్క పేరు మీద నేను కడతాను.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు. నాయనా, రాధాకృష్ణన్ గారు తెలుగు ఇంట పుట్టి, తిరుత్తణిలో, తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో చదువుకున్నారు. ఆయన పుట్టిన ఊరు ఇవాళ తమిళనాడులో ఉంది. నువ్వు చదివిన బడి ఒకప్పుడు వాళ్ళ రాష్ట్రంలో ఉండేది. 1960లో గీసిన గీత న్యాయమైనదేనని నా నమ్మకం, దాన్ని మార్చాలని నేను అడగను. ఆ గీతకు ఏ వైపు ఉన్న పిల్లవాడైనా ఇంట్లో మాట్లాడే మాటను బడిలో రాయగలగాలి. ఆ రోజు సభలో నీకు చెప్పవలసిన జవాబు ఇది.